దానంతట అదే మడుచుకునే పెట్టె

మా వైపు దేన్నీ దాని మానాన దాన్ని వదిలేయరు. పత్తి కుక్కిన బోరెం సంచి కనబడితే చాలు, అది ఎవరిదైనా సరే, చెయ్యి పెట్టి చిటికెడు పీకి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి పింజ పొడవు చూస్తారు. మిరపకాయలు ఆరబోసిన చోటు పక్కనుంచి పోతూ ఒక కాయ తీసి చెవి దగ్గర గలగలలాడిస్తారు. పక్కింటి పొయ్యి మీద కూర ఉడుకుతుంటే మూత తీసి, గరిటె తిప్పి, "ఉప్పు చాల్లేదమ్మోయ్" అని చెప్పి మరీ వెళతారు. ఇలాంటి చోట పుట్టి పెరిగిన నేను, పోయి పోయి, ముట్టుకోకపోవడమే మొదటి నియమంగా ఉన్న చదువు ఎంచుకున్నాను. అది నా ఖర్మో, ఆ చదువు ఖర్మో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నేను చేసేది పెట్టెలు. పరిశోధన కాబట్టి దానికి పొడుగాటి పేరొకటి ఉంది గానీ, ఎవరన్నా అడిగితే పెట్టెలనే చెబుతాను. మిరపకాయ మీద వాలిన దుమ్ము రేణువుని నా పెట్టె పక్కన పెడితే ఆ రేణువే కొండంత కనబడుతుంది. అంత చిన్నదాన్ని రేకుతోనో చెక్కతోనో చెయ్యలేం. అంత చిన్న సుత్తి లోకంలో ఎవరి దగ్గరా లేదు. అందుకని డీఎన్ఏతో చేస్తాం. ఒక వైరస్ నుంచి తీసిన పొడవాటి డీఎన్ఏ పోగు ఒకటి. దానికి తోడు, మనం కోరిన వరసలో తయారుచేయించుకున్న పొట్టి పోగులు రెండొందల దాకా. ఒక్కో పొట్టి పోగుకీ రెండు కొసలు. ఒక కొస పొడవాటి పోగు మీద ఫలానా చోట మాత్రమే అతుక్కుంటుంది. రెండో కొస ఎక్కడో దూరాన మరో చోట అతుక్కుంటుంది. రెండూ అతుక్కున్నాయంటే దూరంగా ఉన్న ఆ రెండు చోట్లూ దగ్గరికి వచ్చేస్తాయి. ఇలా అన్ని పొట్టి పోగులూ తమ తమ పని చేస్తే పొడవాటి పోగు మడతలు పడి పెట్టె అవుతుంది. మనం చెయ్యాల్సిందల్లా అన్నీ నీళ్ళలో కలిపి, బాగా వేడిచేసి, మెల్లగా, చాలా మెల్లగా చల్లారనివ్వడం.

ఇదంతా మొదటిసారి మా నాన్నకి చెప్పినప్పుడు ఆయన పరుపు కుడుతున్నాడు. మాది దూదేకుల కుటుంబం. తాత విల్లుతో దూది ఏకేవాడు, నాన్న మిషనుతో ఏకుతాడు. పర్చూరు దాటాక వచ్చే మా ఊళ్ళో, బజారు వైపు పరుపుల కొట్టు, దాని వెనకే మా ఇల్లు. ఆయన నేను చెప్పిందంతా విని, చేతిలో జానెడు దబ్బనం ఆపి అన్నాడు.

"అంటే పరుపుకి ముళ్ళేసినట్టే కదమ్మా. పై గుడ్డనీ కింది గుడ్డనీ దగ్గరికి లాగి ముడేస్తే లోపల దూది కదలకుండా ఉంటది, ఆకారం నిలబడుద్ది. అదేగా?"

"అచ్చం అదే నాన్నా!"

"మరి నీ దాంట్లో ముళ్ళేసేదెవరు?"

"ఎవరూ వెయ్యరు. దానంతట అదే ముడి పడుతుంది."

నాన్న నన్ను జాలిగా చూశాడు. "దానంతట అదే అయ్యేది దుమ్ము పట్టడం ఒక్కటే తల్లీ. మిగతావన్నీ ఎవరో ఒకళ్ళు చెయ్యాల్సిందే." అని మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. సైన్సు తెలియని మనిషి అని మనసులోనే అనుకుని ఊరుకున్నాను.

మా నాయనమ్మ అడిగిన ప్రశ్న వేరు. "ఇంతకీ ఆ పెట్టె దేనికే?"

దానికి నా దగ్గర మంచి జవాబే ఉంది. మిరపకాయలకి తేమ తగిలి బూజు పడితే అందులో ఒక విషం పుడుతుంది. బూజు దులిపేసినా విషం పోదు, కంటికి కనబడదు. నా పెట్టె మూతకి ఆ విషాన్ని మాత్రమే గుర్తుపట్టే తాళం ఒకటి పెట్టాలి. విషం తగలగానే తాళం ఊడి, మూత తెరుచుకుని, లోపల దాచిన రంగు వెలగాలి. ఒక్క చుక్కతో కాయల సంగతి తేలిపోవాలి. ఇది చెబితే నాయనమ్మ, "దానికి ఇంత చదువెందుకే పిల్లా? ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలియదూ?" అంది. ఎకరం కౌలుకి తీసుకుని మిరప వేసే మనిషి ఆవిడ. కాయలు డాబా మీద ఆరబోసి, పూటకోసారి కింది కాయ పైకి, పైకాయ కిందికి తిరగేస్తూ ఉంటుంది. ఆవిడ ఆరబెట్టిన కాయల్లో బూజు పట్టిన కాయని నేను చూడలేదు.

కాబట్టి పెట్టె ఎందుకో తెలుసు, ఎలాగో తెలుసు. రావడమే రాలేదు. మూడేళ్ళు పోయినా మా లాబ్ మైక్రోస్కోపులో చూసినప్పుడల్లా ఉప్మాయే. పెట్టె ఉండాల్సిన చోట ఉండలు. మా గైడు మేడమ్‌కి ఓపిక ఎక్కువే, అయినా ఆ వేసవి మొదట్లో నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఏమ్మా, హైదరాబాదులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మనకి ఒక్క రోజు ఇచ్చారు. వచ్చే వారం. అందులో ఒక్క పెట్టె కనబడినా సరే, ముందుకెళదాం. లేదంటే ఈ పెట్టె సంగతి వదిలేసి వేరే టాపిక్ చూద్దాం."

వేరే టాపిక్ అంటే నాలుగో ఏడాదిలో మళ్ళీ అఆల నుంచి మొదలు. ఇన్నాళ్ళు చేసింది చెత్తబుట్ట పాలు. హాస్టల్ బాత్రూములో కుళాయి తిప్పుకుని చప్పుడు వినబడకుండా ఏడుద్దామని వెళ్ళాను. కుళాయిలో నీళ్ళు లేవు.

ఇది చాలదన్నట్టు, పోగుల్ని వేడిచేసి చల్లార్చే మా డిపార్ట్‌మెంటు మిషను కరెంటు హెచ్చుతగ్గులకి కాలి కూర్చుంది. నీళ్ళు లేవని హాస్టల్‌కి వారం సెలవిచ్చారు. మేడమ్ మాత్రం తొణకలేదు. "ఈ మిషన్లు రాకముందు మేమేం చేశామనుకున్నావ్? వేడినీళ్ళలో ట్యూబులు పెట్టి, మూతపెట్టి, చలి తగలకుండా చుట్టేసి ఇంటికెళ్ళిపోయేవాళ్ళం. దానంతట అదే చల్లారేది. మీ ఇంట్లో చెయ్యి." నా దగ్గర సరిగ్గా మూడు సార్లకి సరిపడా పోగులున్నాయి. వాటిని ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని బస్సెక్కాను.

అది రంజాన్ నెల. మా ఇంట్లో రోజాలు పూర్తిగా ఉండేది నాయనమ్మ ఒక్కతే. నాన్న మొదటి రోజూ ఆఖరి రోజూ ఉంటాడు. మధ్యలోవి తనకి అల్లా మాఫీ చేశాడంటాడు. నా సమస్య చెప్పగానే నాన్న ఉత్సాహపడిపోయాడు. దూదితో వేడి నిలపడమంటే ఆయన సొంత విద్య. అప్పటికప్పుడు కొత్త దూది ఏకి, మందపాటి గలేబు కుట్టి, మా పాత పాల క్యానుకి చొక్కా తొడిగాడు. దాన్ని చూస్తే ముద్దొచ్చింది.

మర్నాడు తెల్లారకముందే, నాయనమ్మ సహర్ భోజనం ముగించే వేళకి నేను నీళ్ళు కాచాను. క్యాను నింపి, ట్యూబుల్ని థర్మాకోలు ముక్కకి గుచ్చి తేలేసి, మూత బిగించి, చొక్కా తొడిగాను. సాయంత్రం దాకా దీన్నెవరూ ముట్టుకోకూడదని ఇంట్లో చాటింపు వేసినంత పని చేశాను.

నాయనమ్మ నవ్వింది. "బాగానే ఉందిలే. నువ్వు పెట్టిన క్యానూ, నేనూ, ఇద్దరం సాయంత్రం మగ్రిబ్ దాకా మూత తియ్యకూడదన్న మాట."

మధ్యాహ్నం నాన్నకి అన్నం పెట్టి కొట్లోంచి వచ్చేసరికి క్యాను చొక్కా విప్పదీసి ఉంది. దూదంతా చాప మీద పరిచి ఎండకి ఆరబెట్టి ఉంది. క్యాను గోడ నీడన, మూత ఓరగా పెట్టుకుని, ఆవిర్లు వదులుతోంది. పక్కనే నాయనమ్మ, గొప్ప ప్రమాదం తప్పించిన మనిషిలా కూర్చుని ఉంది.

"ఏం చేశావ్ నాయనమ్మా!"

"ఏం చేశాననే? వేడివేడిగా ఉన్నదాన్ని అలా ఊపిరాడకుండా చుట్టి పెడతారా ఎవరన్నా? చెయ్యి పెట్టి చూస్తే దూది లోపల చెమటలు పట్టేసింది. సాయంత్రానికి బూజొచ్చి ఊరుకునేది. నేను చూశాను కాబట్టి సరిపోయింది."

బూజు! బూజుని పట్టుకోవడానికి పెట్టె చేస్తుంటే, బూజు వస్తుందని పెట్టెని చంపింది మా నాయనమ్మ. ఈ మాట ఇప్పుడు తలుచుకుంటే కడుపుబ్బ నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. మూడు అవకాశాల్లో ఒకటి పోయింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, నోటికి అడ్డూ ఆపూ ఉండదు. చాలా అన్నాను. ఆఖర్న, "నీ చెయ్యి పడితే ఏదైనా నాశనమే" అనేశాను.

నాయనమ్మ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు చూసుకుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో సమ్మె మొదలైంది. అరుపుల్లేవు, అలకల్లేవు. ఆవిడ దేన్నీ ముట్టుకోవడం మానేసింది, అంతే. పాలు కాగి పొంగిపోతుంటే పీట మీద కూర్చుని చూసింది. "పొంగుతున్నాయి నాయనమ్మా!" అని నేను అరిస్తే, "దానంతట అదే తగ్గుద్దిలే" అంది. పాలకి తోడు పెట్టలేదు. పెరుగు లేకపోతే నాన్నకి ముద్ద దిగదు.

"అమ్మా, పెరుగేది?"

"నన్నడుగుతావేరా? దానంతట అదే తోడుకుంటుందేమో, గిన్నెనడుగు."

"అన్నం?"

"మీ అమ్మాయి చదువులో అన్నీ వాటంతట అవే అవుతాయంట. బియ్యం ఎసట్లో దూకుతాయేమో చూస్తా ఉండు."

నాన్న నావైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. సరే, వంట నేనే చేశాను. అన్నం అడుగంటింది, పప్పు పలుకుగా ఉంది. రోజా విప్పి ఆ పప్పు నోట్లో పెట్టుకున్న నాయనమ్మ, కష్టపడి మింగి, "అల్హమ్దులిల్లాహ్" అంది. అది దేవుడికి కృతజ్ఞతలా లేదు, నా మీద ఫిర్యాదులా ఉంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు డాబా మీది కాయలు. తిరగెయ్యకపోతే కింది కాయలు మగ్గిపోతాయి. నాయనమ్మ మెట్ల వైపు కూడా వెళ్ళడం లేదు. అవి పాడైతే ఆవిడ ఏడాది కష్టం పోతుంది, ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ముందుగా ఎవరు లొంగుతారా అని ఇద్దరం చూశాం. నేనే లొంగాను.

రెండో ప్రయత్నం కూడా నేను లొంగిన ఆ రోజే. నాన్నకి పెళ్ళివారి పరుపుల పని పీకలదాకా ఉంది, అడగబుద్ధి కాలేదు. చాప మీది దూదిని నేనే గలేబులో కూరాను. తెల్లారగట్ల నీళ్ళు కాచి, ట్యూబులు తేలేసి, మూత బిగించి, క్యానుని వంటింటి మూల పెట్టి డాబా ఎక్కాను.

ఆ పగలంతా నేను పడ్డ పాట్లు ఆ డాబాకే ఎరుక. కాయలు తిరగెయ్యడం అంటే చేత్తో అటూ ఇటూ నెట్టడమే అనుకున్నాను. గంటలో కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు, వరసగా తుమ్ములు. చేతులు భగ్గుమన్నాయి. ఆ చేత్తోనే తెలియక కళ్ళు తుడుచుకున్నాను. అప్పుడు నేను వేసిన కేకకి పక్క డాబా ఆవిడ పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి, "కొత్తా?" అని అడిగింది. ఈ ఇంట్లోనే పుట్టానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఒక వరస తిరగేసి వెనక్కి చూస్తే మొదటి వరస మళ్ళీ నా కోసం ఎదురుచూస్తోంది. నాయనమ్మ దీన్ని రోజుకి రెండుసార్లు, నోట్లో చుక్క నీళ్ళు లేకుండా చేస్తోంది. అయినా డాబా దిగలేదు, క్షమించమని అడగలేదు. పొగరు.

సాయంత్రం అజాన్ వినబడింది. నాయనమ్మ ఖర్జూరం నోట్లో పెట్టుకుంది, నేను క్యాను మూత తీశాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ట్యూబులు భద్రంగా తేలుతున్నాయి. వాటిని ఫ్లాస్కులోకి మార్చి, మర్నాడు పొద్దున్నే హైదరాబాదు బండెక్కాను.

మైక్రోస్కోపు గదిలో తెర మీద ముందు బూడిద రంగు తప్ప ఏమీ లేదు. అది నడిపే ఆయన ఒక్కో చోటుకీ జరుపుకుంటూ పోతున్నాడు. ఆ తర్వాత వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఎటు జరిపితే అటు చిన్న చిన్న పెట్టెలు, కొన్ని బోర్లా, కొన్ని పక్కకి ఒరిగి, అన్నీ నాలుగు మూలలూ తేరి ఉన్నవే. నేను పెట్టిన కేకకి ఆయన ఉలిక్కిపడి, "మెల్లగా మేడమ్, అదిరితే ఫొటో చెడిపోద్ది" అన్నాడు. చెడిపోతే పోనీ అనిపించింది. ఆ ఫొటో మేడమ్‌కి పంపితే వెంటనే ఫోను చేసింది.

"ఏం చేశావే అమ్మాయీ!"

"నేనేం చెయ్యలేదు మేడమ్. దానంతట అదే."

ఇంటికొచ్చి ఫోను నాయనమ్మ ముఖం ముందు పెట్టాను. నా నోరు ఊరుకోదు కదా. "చూశావా? ఎవరూ వేలు పెట్టకపోతే ఎంత చక్కగా వచ్చాయో."

నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒకో పెట్టెనీ వేలితో ముట్టుకుంది. "బాగున్నాయే" అంది. ఆ పూట నుంచి మళ్ళీ డాబా ఎక్కడం మొదలుపెట్టింది. సమ్మె ముగిసిందనుకుని నేను పండగ చేసుకున్నాను.

హాస్టల్ తెరిచారు. ఒక్కసారి వచ్చింది లెక్కలోకి రాదు, రెండోసారి కూడా రావాలి, అప్పుడే నలుగురికీ చెప్పుకోగలం. మూడో వాటా పోగులతో, మేడమ్ కళ్ళముందే, లాబ్‌లో మంచి థర్మాకోలు పెట్టెలో, చేసింది చేసినట్టే చేశాను. ఎవరూ దగ్గరికి కూడా రాలేదు. ఉండలు చూడ్డానికి మా లాబ్ మైక్రోస్కోపే చాలు; వచ్చింది ఉప్మా.

మేడమ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఆ రోజు ఏదో తేడాగా చేసుంటావు. గుర్తుచేసుకో. అదేంటో తెలియకపోతే ఆ ఫొటో మనకి గోడకి తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు" అంది. మూడు వాటాలూ అయిపోయాయి. ట్యూబుల అడుగున అంటుకున్నవి గీకితే ఇంకొక్కసారికి వస్తాయేమో. నాకు దిక్కు తోచలేదు. నాన్నకి ఫోను చేసి, ఆ రోజు నువ్వు దూదిలో ఏమన్నా కలిపావా అని అడిగాను.

ఫోనులో మిషను ఆపిన చప్పుడు వినబడింది. తర్వాత నాన్న అన్నాడు: "పండక్కి రా అమ్మా. వచ్చి మీ నాయనమ్మనడుగు."

పండగ పొద్దున నాయనమ్మ సేమ్యాకి జీడిపప్పు వేయిస్తోంది. కొత్త చీర కట్టుకుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"నాయనమ్మా, రెండోసారి నేను డాబా మీదున్నప్పుడు క్యానుని ముట్టుకున్నావా?"

గరిటె ఆగలేదు. "రోజాలో ఉండి అబద్ధం ఆడకూడదని నువ్వు అడక్కుండా ఉంటే బాగుండుననుకున్నా. అడగలేదు. ఇవాళ రోజా లేదు గానీ పండగ. పండగ రోజు కూడా ఆడకూడదు."

"అయితే మూత తీశావా?"

"నా మూత తియ్యలేదే. దాని మూత తీశా. నాలుగుసార్లు."

"నాలుగుసార్లా!"

"నువ్వు దూది కూరావు చూడూ, అది కూరడమా? ఒకపక్క కొండ, ఒకపక్క గుంట. నీళ్ళు తాగుదామని, కాదులే, మొహం కడుక్కుందామని వంటింట్లోకొచ్చి క్యాను మీద చెయ్యేశా. పొద్దెక్కకుండానే చల్లారిపోతోంది. నువ్వేమో మెల్లగా చల్లారాలి, మెల్లగా చల్లారాలి అని ఇల్లంతా ఊదరగొట్టావు. ఇదిట్టా అయిపోతే ఈ పిల్ల మళ్ళీ ఏడుస్తదని, దూది సర్ది, ఓ అరచెంబు వేడినీళ్ళు పోశా. తర్వాత చూస్తే మళ్ళీ చల్లారతంది. మళ్ళీ పోశా. మధ్యాహ్నం జొహర్ నమాజుకి ముందొకసారి, తర్వాతొకసారి, సాయంత్రం అసర్‌కి ఒకసారి. మీ నాన్న చూశాడు. చెప్పావంటే పెరుగు పెట్టనన్నా."

"ఎంత వేడి దగ్గర పోశావు? ఎలా తెలిసింది నీకు?"

"ఎలాగేంటే? చొక్కా కింద క్యాను పక్కకి చెయ్యి ఆనించి బిస్మిల్లా అనుకోవాలి. అది పూర్తయ్యేలోపు చెయ్యి లాక్కోబుద్ధయితే వేడి సరిపోయినట్టు. పూర్తయ్యాక కూడా ఉంచగలిగితే చల్లారినట్టు. అప్పుడు పొయ్యాలి."

జీడిపప్పు మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరం పట్టించుకోలేదు. నా పోగులు అన్ని వేడిమిల దగ్గరా మడత పడవు. ఒక ఇరుకు సందు లాంటి వేడి ఉంటుంది, అక్కడ ఎంతసేపు నిలబెడితే అంత చక్కగా కుదురుతాయి. మిషనుకి ఆ సందు ఎక్కడో చెప్పడం నాకే తెలియలేదు, లాబ్‌లో థర్మాకోలు పెట్టెలోని నీళ్ళు దాన్ని గబగబా దాటిపోయాయి. డాబా మీద నేను ఏడుస్తూ తుమ్ముతున్న ఆ పగలంతా, మా నాయనమ్మ అరచెంబు అరచెంబుగా నీళ్ళు పోస్తూ నా పోగుల్ని అక్కడే పట్టుకుని కూర్చుంది. ఎవరూ వేలు పెట్టలేదని ఆవిడ మొహం మీదే చెప్పి వచ్చాను నేను.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడ్చాను కూడా. "చెప్పొచ్చు కదా నాయనమ్మా, నేనలా వాగుతుంటే!" అన్నాను.

"చెబితే నా చెయ్యి పడిందని ఆ పెట్టెల్ని కూడా పారేస్తావేమోనని" అంది నాయనమ్మ. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అంది.

మర్నాడు నేను థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను. ముందు ఆవిడ చేతికి పరీక్ష పెట్టాను. క్యానులో ఒకసారి ఎక్కువ వేడిగా, ఒకసారి తక్కువగా నీళ్ళు పోసి, చెయ్యి ఆనించి చెప్పమన్నాను. నాన్న కొట్టు మూసి మరీ చూడ్డానికొచ్చాడు. ఆవిడ బిస్మిల్లా అనుకుంటూ "వేడెక్కువ", "చల్లారింది", "ఇదే, ఇదే" అంటుంటే నేను రాసుకున్నాను. "ఇదే" అన్నప్పుడల్లా పాదరసం దాదాపు ఒకే చోట ఉంది. డిపార్ట్‌మెంటులో కాలిపోయిన మిషను మీద నాకెప్పుడూ అంత నమ్మకం లేదు.

ట్యూబుల అడుగులు గీకి తెచ్చిన పోగులతో ఆఖరి ప్రయత్నం మొదలుపెట్టాం. ఈసారి దూది నాన్న కూరాడు. రోజాలు అయిపోయాయి కాబట్టి నాయనమ్మ పక్కన టీ గ్లాసు పెట్టుకుని, "ఇవాళ నా మూత తెరిచే ఉంటది" అంది. ఆవిడ చెయ్యి వేసిన ప్రతిసారీ నేను వేడి రాశాను, టైము రాశాను, ఎన్ని నీళ్ళు పోసిందో రాశాను. కాయలు తిరగెయ్యాల్సిన వేళకి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"నువ్వు క్యాను దగ్గరుండు నాయనమ్మా, నేను వెళతా" అన్నాను.

"కళ్ళు తుడుచుకోమాకే" అంది.

మేడమ్ ఎవరినో బతిమాలి, వేరేవాళ్ళ రోజు చివర్లో ఒక గంట మైక్రోస్కోపు ఇప్పించింది. ఈసారి నేను కేక పెట్టలేదు. నోరు మూసుకుని, బూడిద రంగు తెర మీదికి ఒక్కొక్కటిగా వస్తున్న పెట్టెల్ని చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ వచ్చాయి. మొదటిసారి కంటే ఎక్కువే వచ్చాయి.

ఆ తర్వాత మిషను బాగుపడింది. నాయనమ్మ చెయ్యి చెప్పిన వేడి దగ్గర గంటలకొద్దీ ఆగేలా దానికి నేర్పాను. అదిప్పుడు బుద్ధిగా పెట్టెలు చేస్తోంది. మూతకి తాళం పెట్టే పని ఇంకా మిగిలే ఉంది, అది వేరే గొడవ. నా టాపిక్ మాత్రం నిలిచింది. థీసిస్ రాస్తున్నప్పుడు, పెట్టె దానంతట అదే తయారవుతుందని రాయాల్సిన ప్రతిచోటా నా పెన్ను ఒక్క క్షణం ఆగేది. రాయకుండా ఎలాగూ కుదరదు, ఆ శాస్త్రం పేరే అది. అందుకని పద్ధతి చెప్పే చోట, మొదటి పెట్టెల వేడిని ఒక మనిషి చేత్తో చూసి, వేడినీళ్ళు పోసి నిలబెట్టిందని స్పష్టంగా రాశాను. మేడమ్ చదివి, నవ్వి, ఉంచమంది.

అట్ట వేయించిన థీసిస్ తీసుకెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పెట్టాను. ఆవిడకి చదవడం రాదు. ఆ పేజీ తీసి, ఆ వాక్యం మీద ఆవిడ వేలు పెట్టించాను.

"ఏం రాశావే ఇక్కడ?"

"నీ చెయ్యి పడితేనే పెట్టె కుదిరిందని రాశాను."

ఆవిడ ఆ అక్షరాలని అరచేత్తో నిమిరింది. తలెత్తి నావైపు చూసింది. "నా చెయ్యి పడితే నాశనమన్నావు గదా, అది రాశావా?"

"లేదు నాయనమ్మా."

"అదీ రాయి మరి. సగం రాస్తే ఎట్టా?"

థీసిస్‌లో దానికి చోటు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ మాట నేనే అన్నాను నాయనమ్మా.